తెల్లబారని కిడ్నీ చచ్చిన కిడ్నీ కాదు

“ఎడమ మూత్రపిండం పనిచేయడం లేదు.” ఐవీపీ రిపోర్టులోని ఈ ఒక్క వాక్యం పట్టుకొని, కిడ్నీ తీయించేసుకోవాలా అని మా వెంకటగిరికోట ప్రాంతపు రైతులు అడుగుతుంటారు. ఆ వాక్యం రాయడాన్నే నేను తప్పుపడుతున్నాను.

ఫిల్ము చెప్పేది ఇంతే: రంగుమందు ఎక్కించాక ఫిల్ములు తీసినంతసేపట్లో అది మూత్రంలోకి దిగి కనిపించలేదు. మూత్రనాళంలో రాయి అడ్డుపడితే వెనుక ఒత్తిడి పెరిగి వడపోత మందగిస్తుంది. మందు గంటల తర్వాత దిగవచ్చు. అందుకే ఆలస్యపు ఫిల్ములు, అవసరమైతే 24 గంటల వరకూ, తీయాలన్నది మా తరం చదువుకున్న పాఠం. అరగంటకే రోగిని బల్ల దింపి తీర్పు రాసేయడం ఏ వైద్యం? సీటీ యూరోగ్రాం వచ్చినా ఈ తొందర తగ్గలేదు. యంత్రం ఖరీదు పెరిగింది, అంతే.

నెలల తరబడి అడ్డు ఉండి, గుజ్జు కాగితంలా పలచబడిన కిడ్నీ కోలుకుంటుందని నేననను. కానీ ఆ మాట తేల్చవలసింది అడ్డు తొలగించాక. స్టెంటు వేసి, లేదా నడుము పక్కనుంచి గొట్టం పెట్టి, కొన్ని వారాలు ఆగి, డీటీపీఏ స్కాన్‌లో ఏ కిడ్నీ వాటా ఎంతో చూడాలి. చలిజ్వరం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అడ్డు వెనుక చీము చేరితే ప్రాణాలకే ముప్పు.

కుప్పమైనా, వేలూరైనా, బెంగళూరైనా వెళ్ళేటప్పుడు రిపోర్టు ఒక్కటే కాదు, ఫిల్ములన్నీ తీసుకువెళ్ళండి. ఆఖరి ఫిల్ము ఎన్ని నిమిషాలకు తీశారో అడగండి.