పెద్దల వైద్యానికి రేషను కార్డే ఆధారం

2001లో కోలారు బంగారు గనులు మూతపడినవి. గనులలో యౌవనము ధారపోసిన వారికి నేడు వార్ధక్యంలో వైద్య వ్యయమే పెద్ద దిగులు. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్-ఆరోగ్య కర్ణాటక పథకం బి.పి.ఎల్. కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఉచిత చికిత్స కల్పిస్తున్నది. ఏ.పి.ఎల్. కుటుంబానికి మాత్రం ప్యాకేజీ ధరలో 30 శాతమే, అదియును లక్షన్నర వరకే. కనుక సహాయమెంతయో నిర్ణయించునది జబ్బు కాదు, రేషను కార్డు.

ఆధార్‌లోనూ రేషను కార్డులోనూ పేరు, వయస్సు ఒకే విధముగా ఉన్నవో లేవో సంతానమే ముందుగా సరిచూడవలెను. కాయకష్టముతో వేలిముద్రలు అరిగిన వారికి ఓ.టి.పి. మార్గమున్నది, అందుకు ఆధార్‌కు మొబైల్ సంఖ్య జతపడి ఉండవలెను. అత్యవసరమైతే తప్ప, ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళుటకు ముందు ప్రభుత్వాసుపత్రి సిఫారసు పత్రము కావలెను. బిడ్డలు కుప్పంలో స్థిరపడినను, తల్లిదండ్రుల కార్డు కర్ణాటకదైతే నమోదు కర్ణాటకలోనే. ఈ పనులన్నియు పెద్దలు ఆరోగ్యముగా ఉన్ననాడే ముగించుట మేలు.