పాదములకు రక్ష

"పాదరక్ష" అన్న సమాసానికి విగ్రహవాక్యం "పాదములకు రక్ష". చవకబేరమని కొన్న జోడు పాదాన్ని కొరికితే ఆ మాటకే అర్థం చెడుతుంది. కొండలెక్కే బ్లాగ్మిత్రులకు నా మనవి: ముందు కొలత, తర్వాతే వెల.

సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది. కనుక ఆ వేళకే దుకాణానికి వెళ్ళి, మందపాటి మేజోళ్ళతో తొడిగి చూడాలి. దిగుడు దారిలో వేళ్ళు ముందుకు జారి కొట్టుకుంటాయి. కాబట్టి ముందువైపు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

ఎగువ అహోబిలం నుండి ఉగ్రస్తంభం వైపు నడిచేవారికి ఎత్తు బూట్లకన్నా, లోతైన గాళ్ళున్న రబ్బరు అడుగు గల తేలిక షూస్ మేలని నా అభిప్రాయం. వాగు దాటుతుండగా బూటులోకి పైనుండి చొరబడ్డ నీరు ఒక పట్టాన ఆరదు. వలబట్ట త్వరగా ఆరుతుంది. గుడిగుడికీ విప్పి తొడగడమూ సుళువే. పెద్దబరువు మోసేవారి సంగతి వేరు.

నిరుటి నమూనా తగ్గింపు ధరకు వస్తే నిస్సంకోచంగా కొనండి. ఏళ్ళ తరబడి గిడ్డంగిలో మగ్గినదైతే మాత్రం వద్దు. పాలియురెథేన్ అడుగు, తొడగకపోయినా, గాలిలోని తేమకే పెళుసెక్కి పొడిగా రాలుతుంది. పెట్టెమీద తయారీ నెల, సంవత్సరం చదివిన తర్వాతే డబ్బివ్వండి. నడికొండలో అడుగు ఊడితే, మిగిల్చిన రూపాయలు మనను మోసుకురావు కదా!