బాలింత పథ్యం – చుక్కల సొర

మా అమ్మాయి పురిటికని పంజాగుట్టలో మా ఇంటికి వచ్చింది. పురుడు సుఖంగా అయింది, మగపిల్లాడు. పురుడు వెళ్ళిందో లేదో, కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మ మొదలుపెట్టింది, "బాలింతకి సొర పుట్టు పెట్టవేమే, పాలు పడొద్దూ?" అని. కోస్తా వైపు వాళ్ళకి దీని సంగతి చెప్పక్కర్లేదు. తెలియనివారి కోసం: సొరచేప ఉడికించి, చర్మం, ముళ్ళు తీసి చిదిపి, ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లితో పొడిపొడిగా వేయిస్తారు. నా పురుళ్ళకీ మా అమ్మ అదే పెట్టింది.

సంచీ పట్టుకుని బయలుదేరుతుంటే మేడమీద గదిలో అద్దెకుండే కుర్రాడు ఎదురయ్యాడు. విశాఖవాడు, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తున్నాడు. "సొరకా ఆంటీ? ముందు దాని పెద్దక్కని చూసి వెళ్ళండి" అంటూ లాప్‌టాప్ తెరిచాడు. చూద్దును కదా, నీలం నీళ్ళలో బస్సంత చేప! ఒళ్ళంతా తెల్లచుక్కలు, ముగ్గుకి పెట్టినట్టు. పక్కన ఈదుతున్న మనిషి దాని ముందు చంటిపిల్లాడే. వేల్ షార్క్ అంటారు, తిమింగలమంత సొర అన్నమాట. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప ఇదే. ఇంత ఒళ్ళుండీ తినేది మాత్రం నీళ్ళలో తేలే సన్న జీవాల్నీ, చిన్న చేపల్నీ. మనిషి జోలికి రాదు.

2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి బీచ్‌లో ఇలాంటిది ఒకటి ఒడ్డుకి వచ్చి చిక్కుకుంటే, అటవీశాఖవాళ్ళూ జాలర్లూ కలిసి మళ్ళీ సముద్రంలోకి సాగనంపారు. దాని ఫోటోలు మాల్దీవుల్లో ఈ చేపల మీద పరిశోధన చేసే సంస్థకి పంపారు. ఎందుకంటారా? మన వేలిముద్రల్లాగే ఏ చేప చుక్కలు దానివే. నీళ్ళలో దిగి మొప్పల వెనక పక్కభాగం స్పష్టంగా ఫోటో తీస్తే, కంప్యూటర్ పాత ఫోటోలతో పోల్చి ఇది ఫలానా చేప అని చెబుతుంది. ఆకాశంలో నక్షత్రాలను పోల్చడానికి శాస్త్రజ్ఞులు తయారుచేసుకున్న లెక్కనే 2005లో ఈ చుక్కలకి పనికొచ్చేలా మార్చారట. సరదాకి సముద్రంలో దిగినవాళ్ళు తీసిన ఫోటోలైనా సరే పనికొస్తాయి. చేపని పట్టక్కర్లేదు, గుచ్చక్కర్లేదు. ఏ చేప ఏ తీరానికి తిరిగొస్తోందో తెలిస్తే ఏ తీరాన్ని కాపాడాలో తెలుస్తుంది.

ఒకప్పుడు గుజరాత్ తీరంలో వీటిని తెగ వేటాడేవారు. కాలేయంలో నూనె తీసి, పడవల చెక్కకి నీరు పట్టకుండా పూసేవారు. మైక్ పాండే గారు ఆ వేటని కెమెరాతో పట్టి 2000లో 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అనే చిత్రం తీశారు. మరుసటేడు, 2001లో, ప్రభుత్వం పులికిచ్చినంత రక్షణా ఈ చేపకిచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన వల కోసుకుంటారా ఎవరైనా? 2004లో ప్రచారం మొదలైనప్పుడు మొరారీ బాపు గారు జాలర్లకి చెప్పిన మాట వేరు: పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల లాంటిదర్రా ఇది, అని. ఈ మాట ఆ కుర్రాడు చెబుతున్నప్పుడు లోపలి గదిలో మా మనవడు ఏడుస్తున్నాడు. నాకు చేతిలో సంచీ బరువెక్కింది.

అప్పట్నుంచీ అక్కడి జాలర్లు వల కోసి మరీ వదిలేస్తున్నారు. ఇప్పటికి 900కి పైగానే వదిలారట. వల ఖరీదుకి ప్రభుత్వం కొంత పరిహారం ఇస్తుంది. ఋజువుకి అధికారులు వచ్చేదాకా చేప వలలోనే కొట్టుకోవాల్సి వస్తోందని, జాలర్లకే నీళ్ళలో తడవని కెమెరాలిచ్చారు. ఫోటో తీసుకుని వెంటనే వదిలేయొచ్చు. ఇది ఆలోచించినవారెవరో గానీ, బుర్ర ఉన్నవారు.

మనం వండే సొర ఇది కాదు, నాకూ తెలుసు. కానీ సొరల్లో మరికొన్ని రకాల్నీ పట్టకూడదని చట్టం ఉంది. దుకాణంలో ఐసు మీద ముక్కలే ఉన్నాయి. చుక్కలెక్కడ, తోకెక్కడ? "ఏ సొర బాబూ?" అనడిగాను. "సొరంటే సొరేనమ్మా, ఎన్ని కేజీలు?" అన్నాడు.

కొర్రమీను కొనుక్కొచ్చాను. మా అమ్మ సంచీ తెరిచి మూతి తిప్పింది. సాయంత్రం ఆ ఫోటో చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "చుక్కల చీర కట్టినట్టుందే!" అంది. కాసేపాగి, "మా వైపైతే తోక చూసే ఏ సొరో చెప్పేద్దును. ఈసారి నేనే తెస్తాలే" అంది.