గోడలో చెమ్మ: నిర్ధారణకు ముందే చికిత్స

ఇంగ్లండులో స్థిరపడిన మా అమ్మాయి ఆ మధ్య ఫోను చేసి ఒక చిత్రమైన ప్రశ్న అడిగింది. వారు కొనదలచిన ఇల్లు విక్టోరియా రాణి కాలం నాటి ఇటుకల కట్టడం. పరీక్షకు వచ్చిన సర్వేయరు కింది గోడలలో ‘రైజింగ్ డ్యాంప్’ ఉన్నదని, అనగా నేలలోని నీరు గోడ వెంట పైకి ఎగబ్రాకుతున్నదని నివేదిక ఇచ్చాడట. పక్కింటి పెద్దాయన మాత్రం అటువంటిదేమీ లోకంలో లేదని, అది మందులు అమ్ముకునేవారు పుట్టించిన మాట అని కొట్టిపారేశాడట. “నాన్నగారూ, ఎవరి మాట నమ్మాలి?” అని దాని సందేహం. నేను వైద్యుడినే గాని ఇంజనీరును కాను. అయినా ఈ విషయంలో నాకు కొంత అనుభవం ఉన్నది. దానికి రుసుము కూడా దండిగానే చెల్లించుకున్నాను.

నీరు పల్లమెరుగునంటారు గదా, గోడ ఎట్లా ఎక్కుతుంది? ప్రమిదలోని నూనె వత్తి వెంట ఎక్కినట్లే ఎక్కుతుంది. దీనికి కేశనాళికీయత అని పేరు. గొట్టం ఎంత సన్ననిదైతే నీరు అంత ఎత్తుకు పోతుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్థం గల గొట్టంలో సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కే నీరు, అందులో నూరవ వంతు సన్నని గొట్టంలో ఒకటిన్నర మీటర్లు ఎక్కుతుంది. ఇటుకలోని రంధ్రాలు అంతకన్నా సూక్ష్మమైనవి. లెక్క ప్రకారం చూస్తే నీరు మేడ మీదికే చేరాలి. చేరకపోవడానికి కారణం, ఎక్కుతున్న నీరు గోడ ముఖం నుంచి ఎప్పటికప్పుడు ఆవిరై పోవడమే. కనుకనే సాధారణంగా మీటరు ఎత్తు లోపలనే ఆ తడి ఆగిపోతుంది.

బ్రిటన్‌లో దీనిపై పెద్ద వివాదమే నడిచింది. భవన నిర్మాణం బోధించిన జెఫ్ హోవెల్ 2008లో ‘ది రైజింగ్ డ్యాంప్ మిత్’ అనే పుస్తకమే ప్రచురించారు. ఒంటి ఇటుకను నీటిలో నిలిపితే నీరు ఎక్కుతుంది గాని, ఇటుకకూ ఇటుకకూ మధ్యనున్న అతుకు దానిని చాలావరకు అడ్డుకుంటుందన్నది ఆయన వాదంలో ముఖ్యాంశం. నేలచెమ్మ పేరిట అమ్ముడవుతున్న రసాయన చికిత్సలలో అధికభాగం అనవసరమని ఆయన అభిప్రాయం. ఈ రెండవ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కాని అసలు నీరే ఎక్కదనడం అతిశయోక్తి. అందుకు వెనిస్ నగరమే సాక్ష్యం. పూర్వం అక్కడి కట్టడపు పనివారు గోడల అడుగున ఇస్త్రియా ప్రాంతపు దట్టమైన తెల్లరాయిని పేర్చి, దానిపైన ఇటుక కట్టారు. ఆ రాయి నీటిని పీల్చదు. కాలక్రమేణ నగరం కుంగి, సముద్రమట్టం పెరిగి, ఉప్పునీరు ఆ రాతి వరుసను దాటి ఇటుకను తాకింది. ఆ ఇటుకలు నీరు పీల్చి, ఉప్పు పొంగి, పొడి పొడిగా రాలుతున్నాయి. నీరు ఎక్కదన్నవారు ఆ కాలువల వెంట ఒకసారి పడవలో తిరిగి రావచ్చును.

ఇక నా కథ. నేను పదవీ విరమణ చేసిన పిమ్మట గోదావరి డెల్టాలోని మా స్వగృహంలో స్థిరపడ్డాము. కొన్నేళ్లకు వీధివైపు పడకగది గోడకు మోకాలి ఎత్తున రంగు పొంగి, పెళ్లలు రాలసాగాయి. ఒక సంస్థ ప్రతినిధి వచ్చి, రెండు సూదులున్న చిన్న పరికరాన్ని గోడకు గుచ్చాడు. ఎర్రదీపం వెలిగింది, కూత వినిపించింది. “భూమిలోంచి నీరు ఎక్కుతోంది సార్” అని తేల్చేశాడు. జానెడు దూరానికొక రంధ్రం చొప్పున గోడ పొడవునా తొలిచి, ఏదో రసాయనం ఎక్కించి, పైన సిమెంటు పూత పూసి, ఒక నెల పింఛను మొత్తం పట్టుకుపోయారు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి చెమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి నడుము ఎత్తున.

ఆ పరికరం కట్టెలోని తేమను కొలవడానికి ఏర్పడినదని, విద్యుత్తు ఎంత సులభంగా ప్రవహిస్తున్నదో మాత్రమే చెబుతుందని, గోడలో ఉప్పు ఉంటే తడి తక్కువగా ఉన్నా కూత పెడుతుందని తరువాత తెలుసుకున్నాను. ఒంటిపై చేయి వేసి, వెచ్చగా ఉన్నదని టైఫాయిడ్ మందు రాసిచ్చే వైద్యుని మనమేమంటాము? ఆ మాటే నన్ను నేను అనుకున్నాను. ఎందుకంటే నలభై ఏళ్లు రోగుల్ని చూసినవాణ్ణి, పరీక్ష ఏమిటని ఒక్క ప్రశ్నయినా అడగకుండా సొమ్ము చేతిలో పెట్టాను.

చివరకు ఊరిలోని ఒక వృద్ధ తాపీమేస్త్రిని పిలిపించాను. ఆయన గోడను ముట్టుకోనైనా లేదు. వీధిలోకి వెళ్లి, అటూ ఇటూ చూసి, “డాక్టరుగారూ, ఈ రోడ్డు ఎన్నిసార్లు వేశారండీ?” అని అడిగాడు. మేము ఇల్లు కట్టినప్పుడు వీధి నుంచి మూడు మెట్లు ఎక్కి లోపలికి వచ్చేవాళ్లం. ఇప్పుడు ఒక్క మెట్టు మిగిలింది. పాత రోడ్డును తవ్వకుండా దానిపైనే కొత్తది వేస్తూ పోవడం మన పట్టణాలలో ఆనవాయితీ. ఇల్లు కుంగలేదు, వీధే లేచింది. దానికి తోడు మా శ్రీమతి మందార మొక్కల కోసం గోడకు ఆనించి మట్టి పోయించింది. పునాదిపై వేసిన చెమ్మ నిరోధక పొర ఆ మట్టిలో పూడిపోయింది. నీరు పొర కిందినుంచి ఎక్కనవసరం లేదు, పక్కనుంచే పొర పైభాగంలోకి చొరబడుతున్నది. సిమెంటు పూత వల్ల ఆవిరయ్యే దారి మూసుకుపోయి, ఆ తడి ఇంకా పైకి పోయింది. మేస్త్రి మట్టి తీయించి, గోడ వెంట కాలువ తవ్వించి, సిమెంటు పెచ్చు కొట్టించి, సున్నం పూయించాడు. అందుకైన ఖర్చు రసాయనం ఖర్చులో పదోవంతు కూడా కాదు.

మరి ఇది ఎగబ్రాకే చెమ్మ అవునా, కాదా? అవుననీ చెప్పవచ్చు, కాదనీ చెప్పవచ్చు. నీరు నేలదే. దారి మాత్రం ఆ ప్రతినిధి చెప్పినది కాదు. చెమ్మ అన్నది జ్వరం వంటి లక్షణం, వ్యాధి పేరు కాదు. పగిలిన స్నానాలగది గొట్టం, డాబాపై నిలిచిన వాన, గాలి ఆడని గదిలో గోడకు పట్టే ఆవిరి, నేలనీరు, వీటన్నిటికీ బయటికి కనిపించే గుర్తు ఒకటే.

ఇందులో వైద్యునికి ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. నేలనీరు తనతో ఉప్పును తెస్తుంది. ఉప్పు పట్టినచోట బూజు సాధారణంగా పెరగదు. నల్లని బూజు కనిపించేది మూలలలో, బీరువా వెనుక, కిటికీ చుట్టూ, అంటే ఆవిరి చల్లబడి నీరయ్యేచోట, లేదా పైనుంచి నీరు కారేచోట. మా శ్రీమతికి ఆ రోజుల్లో రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు. నేను ఇన్‌హేలరు మోతాదు పెంచుకుంటూ పోయాను. గోడ పని కోసం బీరువా జరిపిన రోజున దాని వెనుక ఆ మూలంతా నల్లగా కనిపించింది. ఆ మూలకూ వీధిలోని మట్టికీ సంబంధమే లేదు. మేము ఎప్పుడూ ఆ గది కిటికీ తెరవకపోవడమే కారణం. శుభ్రం చేయించి, మంచం జరిపి, కిటికీ తెరిచిన తరువాత దగ్గు తగ్గింది. బూజే కారణమని నేను ప్రమాణం చేయలేను, అదే సమయంలో చలికాలం కూడా ముగిసింది. కాని సర్వీసులో ఉండగా ఆయాసంతో వచ్చిన పిల్లల తల్లులను పొయ్యి పొగ గురించి అడిగానే గాని, మంచం ఏ గోడకు ఉన్నదని ఎన్నడూ అడగలేదన్న సంగతి ఆనాడు స్ఫురించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇంటిలోని చెమ్మ, బూజులపై మార్గదర్శకాలు వెలువరించింది. ఉబ్బసానికి, శ్వాసకోశ వ్యాధులకు వాటితో సంబంధమున్నదని, ఇంతవరకు ప్రమాదం లేదు అని చెప్పదగిన హద్దు ఏదీ నిర్ణయించలేమని అందులో పేర్కొన్నది. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో రెండేళ్ల బాలుడు మరణించాడు. ఇంటిలోని బూజుకు దీర్ఘకాలం గురికావడమే కారణమని రెండేళ్ల తరువాత విచారణాధికారి తేల్చారు. తండ్రి మొరపెట్టుకుంటే బూజుపై రంగు వేసుకోమన్నారట. ఆ పసివాని పేరు మీదనే అక్కడ 2023లో అద్దె ఇళ్ల చట్టంలో నిబంధన చేరింది. అక్కడా కావలసినది గోడకు సూదిమందు కాదు, గదికి గాలి.

మా అమ్మాయికి ఈ విధంగా రాశాను: తడి మరక కింది అంతస్తులోనే, ఒకే ఎత్తున, ఏడాది పొడవునా ఉన్నదా చూడు. బయట మట్టి మట్టం చెమ్మ నిరోధక పొరకు ఎంత దిగువన ఉన్నదో కొలిపించు. అల్యూమినియం రేకు ముక్కను గోడకు నాలుగువైపులా అంటించి కొన్ని రోజులు ఉంచు. రేకు పైముఖాన తడి చేరితే అది గదిలోని ఆవిరి, వెనుక చేరితే గోడ లోపలిది. సర్వేయరు సూదుల పరికరం తప్ప మరేమైనా వాడాడా అని అడుగు. గోడ లోపలినుంచి పొడి తీసి, తూచి, ఎండబెట్టి, మళ్లీ తూచే పద్ధతి ఉన్నది. అది చేయించిన పిమ్మటనే సంతకం పెట్టు.

మా గోడ ఇప్పటికీ మోకాలి ఎత్తు వరకు సున్నపు పూతతోనే ఉన్నది. లోపల మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీలుస్తుంది కనుక, శ్రావణ మాసంలో కాస్త తెల్లపొడి రాలుతుంది. మా ఆవిడ దానిని చీపురుతో ఊడ్చి పారేస్తుంది. మందార మొక్కలు కుండీలలోకి మారాయి.