కంటి హెర్పిస్: వైరస్ ఒకటే, రూపాలు వేరు
కార్నియాను పుండు చేసే హెర్పిస్ సింప్లెక్స్‌లో ఎక్కువగా కనిపించేది ఒకటో రకం. దాని డీఎన్ఏ పొడవు సుమారు 1,52,000 అక్షరాలు. 17 అనే స్ట్రెయిన్ (ఉపరకం) డీఎన్ఏ క్రమం 1988లో వెలువడింది. ఆ ఒక్క క్రమమే వైరస్ మొత్తానికి నమూనా అనుకోవడం పొరపాటు. ఒకే కణంలోకి రెండు స్ట్రెయిన్లు చేరితే వాటి డీఎన్ఏ ముక్కలు కలగలిసి కొత్త రూపం పుట్టవచ్చు. కంటి నుంచి సేకరించిన వైరస్‌లలో ఆ కలయిక ఆనవాళ్లు కనిపించాయి. ఎలుకల కళ్లలో కొన్ని స్ట్రెయిన్లు స్వల్ప గాయంతో సరిపెడితే, మరికొన్ని లోపలి పొరల్లో మచ్చలు మిగులుస్తాయి. అసలు ఆందోళన మందుల దగ్గరే. హెర్పిస్‌కు వాడే ఎసైక్లోవిర్ పనిచేయాలంటే ముందు వైరస్ సొంత ఎంజైమ్ థైమిడిన్ కైనేజ్ దాన్ని క్రియాశీలం చేయాలి. ఆ ఎంజైమ్ జన్యువులో ఒక్క అక్షరం జారినా, అదనంగా చేరినా మందుకు పట్టు తప్పవచ్చు. గాన్‌సైక్లోవిర్ అనే మరో మందుకూ అదే ఎంజైమ్ కావాలి కనుక అదీ తరచూ విఫలమవుతుంది. ట్రైఫ్లురిడిన్, ఫోస్కార్నెట్ మందులకు ఆ ఎంజైమ్‌తో పని లేదు. పైగా మందుకు లొంగని వైరస్ ట్రైజెమినల్ నాడీగ్రంథిలో దాగి, కొంతకాలానికి అదే మొండితనంతో కంటికి తిరిగి రాగలదు. అందుకే మందు సరిగా వాడినా పుండు మానని రోగికి అదే మందును నెలల తరబడి కొనసాగించడం తగదు. కంటి నమూనాలో థైమిడిన్ కైనేజ్ జన్యువును పరీక్షించే సదుపాయం పెద్ద కంటి ఆసుపత్రులన్నిటిలోనూ ఉండాలి.