సారు రూపమూ, సారు పాఠమూ

నిర్మల్: పాఠం చెప్పే మనిషి మీద నమ్మకం ఎట్లా కుదురుతుంది? పూర్వం ఈ ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. బడి పంతులు ఊరికి తెలిసిన మనిషి. వేళకు వస్తాడో రాడో, ఆయన చేతికింద చదివినవారు ఏమైనారో అందరికీ తెలుసు. ఈనాడు ఇంటర్ పిల్లలు, గ్రూపు పరీక్షలకు చదివే నిరుద్యోగులు సెల్‌ఫోను ముందు కూర్చుంటున్నారు. అందులోని సారుది ఏ ఊరో, ఏం చదివినాడో తెలియదు. తెలిసేదల్లా ఆయన రూపం, మాట తీరు, వెనుక గోడ నిండా ర్యాంకర్ల ఫొటోలు, లక్షల మంది చూస్తున్నారన్న అంకె. వీటితోనే నమ్మకం కుదిరిపోతున్నది. పాఠం తరువాత సంగతి.

రూపానికి విలువ లేదనడానికి వీల్లేదు. మన యాసలో నవ్వుతూ చెప్పే సారు అయితే, తరగతిలో నోరు విప్పడానికి జంకే ఆడపిల్ల కూడా ధైర్యంగా వింటుంది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ వినవచ్చు, విసుక్కునేవారు లేరు. చిక్కు కూడా ఇక్కడే వున్నది. సారు నచ్చితే పాఠం వచ్చేసినట్లే అనిపిస్తుంది. గంటసేపు హాయిగా విని లేచిన పిల్లవాడిని అడిగితే తృప్తిగానే వుందంటాడు. అదే లెక్కను ఫోను బోర్లా పెట్టి కాగితం మీద చెయ్యమంటే సగంలో ఆగిపోతాడు.

ప్రచారపు వెలుగు వేరు, సంస్థ నిలకడ వేరు అని బైజూస్ ఉదంతం తేల్చింది. సినీనటుడు షారుఖ్ ఖాన్‌తో ప్రకటనలు ఇప్పించి, 2019లో భారత క్రికెట్ జట్టు చొక్కాల మీద పేరు వేయించుకున్న సంస్థ అది. సుమారు 158 కోట్ల రూపాయల బాకీ రాలేదని ఆ క్రికెట్ బోర్డే ట్రిబ్యునలుకు వెళ్లగా, 2024 జులైలో దివాలా విచారణ మొదలైంది. చొక్కా మీద పేరు చూసి ఫీజు కట్టిన తల్లిదండ్రులకు లోపలి సంగతి ఎట్లా తెలుస్తుంది?

కాగా, కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో ప్రభుత్వ పాఠాలు వచ్చాయి. ఫీజు లేదు, హంగు లేదు. టీశాట్‌లో పోటీ పరీక్షల పాఠాలు కూడా ఉచితమే. ఉచితం గనుక సరుకు తక్కువ అనుకునేవారు ఎందరో. బొమ్మ రంగు చూసి మురిసేది కొనేవాడు. లోపలి పొనికి కర్రను, అతుకును చూసేది చేసేవాడు. నిర్మల్ వారికి ఇది వేరే చెప్పాలా?

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకు నియమాలు పెట్టింది. ర్యాంకు గ్యారంటీ, ఉద్యోగం గ్యారంటీ అనరాదు. పాసైనవారి ఫొటో వేయాలంటే, ఎంపికైన తరువాత తీసుకున్న వారి లిఖితపూర్వక అనుమతి వుండాలి. వారు ఏ కోర్సు, ఎన్నాళ్లు చదివారో, డబ్బు కట్టారో లేదో కూడా తెలపాలి. (ఇంటర్వ్యూ ముందు నాలుగు రోజులు వచ్చిపోయినవాడు కూడా గోడ మీద ఫొటో అవుతాడు మరి.) ఆటలు, నాట్యం నేర్పేవారు ఈ నియమాల కిందికి రారు. అక్కడ చేరేవారు తమ జాగ్రత్త తామే చూసుకోవాలి.

ఫీజు కట్టక ముందే ఒక పాఠం వినిపించమనాలి. ఒక సందేహం పంపి, జవాబు ఎన్నాళ్లకు వస్తుందో, ఆ సారే ఇస్తాడో మరెవరైనా ఇస్తారో చూడాలి. మధ్యలో మానితే ఎంత వాపసు వస్తుందో కాగితం మీద రాయించుకోవాలి. మోసపోతే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. ఈ నంబరును ప్రతి ఉన్నత పాఠశాల, జూనియర్ కళాశాల నోటీసు బోర్డు మీద వేసవి సెలవులకు ముందే విద్యాశాఖ అధికారులు రాయించవలసి వున్నది.