మరక నానబెట్టడం రానివాళ్లు చెట్టు కొడతారట!

పోయిన వారం మా ఇంట్లో ఒక మామిడిచెట్టుకి మరణశిక్ష పడింది. నేరం ఏమిటంటే, కారు మీద జిగురు రాల్చడం. తీర్పు చెప్పింది మా ఆయన, సాక్ష్యం చెప్పింది మా మరిది. చెట్టు తరఫున మాట్లాడటానికి నేనొక్కదాన్నే మిగిలాను. ఇంట్లో అరిచింది చాలదనిపించి ఇక్కడ కూడా రాస్తున్నాను. ఈ గొడవ మీ ఇళ్లలోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది.

మేముండేది అలిపిరి దగ్గర. ఆ చెట్టు మా అత్తమ్మ చేతులతో పెట్టింది. ఇరవై రెండేళ్లుగా ఉగాది పచ్చడికి కాయ, గుమ్మానికి తోరణం అదే ఇస్తోంది. ఎండాకాలం దాని నీడ లేకపోతే మా వరండా పెనం అయిపోతుంది. కారు వచ్చి మూడేళ్లే అయింది. ఎవరు ముందు వచ్చారో, ఎవరు ఎవరికి దారివ్వాలో మీరే చెప్పండి.

అసలు జరిగింది ఇది. మాఘమాసంలో చెన్నైలో పెళ్లికి వెళ్లి, నగరి, పుత్తూరు మీదుగా రాత్రిపూట తిరిగొచ్చాం. తెల్లారి చూస్తే కారు ముందువైపంతా పురుగులు చితికి అంటుకుపోయి ఉన్నాయి. దారిలో ఎక్కడో రోడ్డు వేస్తున్నారు, ఆ తారు చుక్కలు తలుపుల కిందంతా పడ్డాయి. అలసిపోయామని రెండు రోజులు చెట్టు కిందే వదిలేశాం. దాంతో పైనంతా జిగురు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం మా మరిది వంటింట్లోకి వచ్చి, "వదినా, గిన్నెలు తోమే పీచు ఒకటియ్యి" అన్నాడు. ఎందుకని అడిగేలోపే సింకు పక్కనున్న పచ్చ పీచు పట్టుకుపోయాడు. అన్నదమ్ములిద్దరూ కాలుతున్న బానెట్ మీద రెండు చెంబుల నీళ్లు పోసి రుద్దేశారు. పురుగులు పోయాయి, వాటితోపాటు మెరుపూ పోయింది. ఎండలో చూస్తే సాలెగూడు అల్లినట్టు గీతలు. తారు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ కోపం చెట్టు మీదికి మళ్లింది. "ఈ దరిద్రపు జిగురు వల్లే ఇంత రుద్దాల్సి వచ్చింది, కొట్టించేద్దాం" అన్నారు మా ఆయన.

నాకు ఒళ్లు మండింది ఎందుకో తెలుసా? ఇదే మనిషి ఆరు నెలల కిందట నాన్‌స్టిక్ పెనం కొనిచ్చి, "పీచు తగిలించావంటే చూడు!" అని నాకు పాఠం చెప్పారు. వందల పెనానికున్న మర్యాద లక్షల కారుకి లేకపోయింది.

కారు రంగు గోడకి వేసే సున్నం లాంటిది కాదు. రంగు పైన పారదర్శకమైన పూత ఒకటి ఉంటుంది, క్లియర్ కోట్ అంటారు. మెరిసేది అదే, రంగుని ఎండ నుంచి కాపాడేదీ అదే. దాని మందం మామూలుగా నలభై, యాభై మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక కంటే సన్నం. దాని మీద పీచు లాగితే ఏమవుతుందో గిన్నెలు తోమే ఆడవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

నా వాదన ఒక్కటే. ఈ పని తెలిసింది మనకి, చేతిలోకి తీసుకునేది వాళ్లు. మాడిన గిన్నెని మనం వెంటనే తోముతామా? నీళ్లు పోసి నానబెడతాం. పనసకాయ కోసేముందు చేతులకి నూనె రాసుకుంటాం, ఎందుకంటే ఆ పాలు నీళ్లకి పోవు, నూనెకి వదులుతాయి. కారు మీద మరకలకీ సూత్రం ఇదే. దేనికి ఏది కరుగుతుందో చూసుకుని నానబెట్టాలి, అది వదిలాక మెత్తగా తుడవాలి.

పురుగులతో మొదలుపెడదాం. వాటి రసానికి ఎండ తోడైతే పూతని తినేస్తుంది, అందుకే ఆ రోజో మర్నాడో కడిగేయాలి. తొలి వానలకి ఉసిళ్లు లేచే రోజుల్లో మరీ జాగ్రత్త. కారుని నీడలో పెట్టి, చల్లబడనిచ్చి, తడి గుడ్డ పరిచి పది నిమిషాలు వదలండి. తర్వాత కారు షాంపూ నీళ్లతో మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ పెట్టి తుడిస్తే చాలు. గిన్నెల సబ్బు రోజూ వాడకండి, అది మైనపు పూతని కూడా జిడ్డే అనుకుని తీసేస్తుంది.

తారు నీళ్లకి లొంగదు. అది నూనె జాతి. తారు తీసే ద్రావకాలు కారు సామాన్ల కొట్లలో దొరుకుతాయి. చిన్న చుక్కలైతే కొబ్బరినూనె రాసి కాసేపు ఆగి, మెత్తని గుడ్డతో ఒత్తి తీయండి. ఒకసారికి రాకపోతే మళ్లీ రాయండి. చివర్లో షాంపూతో కడగాలి, లేకపోతే ఆ నూనెకి దుమ్ము పడుతుంది. థిన్నర్, పెట్రోలు వద్దే వద్దు. థిన్నర్ తారుతోపాటు రంగునీ కరిగించగలదు, పెట్రోలుకి నిప్పు భయం.

ఇక జిగురు. తాజాదైతే గోరువెచ్చని షాంపూ నీళ్లకే పోతుంది. కాండం నుంచి కారిన బంక ఎండి గట్టిపడితే మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి తడిపి, అర నిమిషం మరక మీద ఆనించి, మెల్లగా తుడిచి వెంటనే నీళ్లతో కడగండి. ముందు కనపడని చోట కొంచెం రాసి చూసుకోండి, మళ్లీ రంగు వేయించిన భాగం మీదైతే మరీ. గోరుతో, బ్లేడుతో గీకొద్దు. మరక పోయాక అక్కడ కొంచెం వ్యాక్స్ రాస్తే పని పూర్తయినట్టు.

చెట్టు మీద మోపిన నేరం సంగతి చూద్దాం. మాఘమాసం మామిడి పూత కాలం. పూతకి తేనెమంచు పురుగు పడుతుంది. అది రసం పీల్చి తియ్యటి జిగట చుక్కలు వదులుతుంది. మా కారు మీద సన్నగా తుంపర్లలా పడింది అదే. అది మామిడి సొన కాదు, బంక కాదు, తియ్యటి నీళ్లు! చక్కెర నీళ్లలో కరుగుతుందని మూడో తరగతి పిల్లాడికి తెలుసు. బకెట్ నీళ్లతో పోయే దానికి ఇరవై రెండేళ్ల చెట్టుని కొట్టిస్తారా?

"ఇన్ని తంటాలు ఎవరు పడతారు? చెట్టు పోతే ఒక్కసారితో పీడ పోతుంది" అన్నారు మా ఆయన. పోదు. చెట్టు పోయిన మర్నాటి నుంచి కారు తిరుపతి ఎండలో నిలబడాలి. రంగు వెలిసేది ఎండకే, డాష్‌బోర్డు పగిలేది ఎండకే. పురుగులు, తారు రోడ్డు మీదివి, వాటికి ఏ చెట్టుని కొడతారు? పూత కాలం ఉన్న ఆ కొన్ని వారాలు కారుని నాలుగడుగులు పక్కకి పెడితే సరిపోతుంది. పైగా 2002లో వచ్చిన వాల్టా చట్టం పేరులోనే నీళ్లు, నేలతోపాటు చెట్లు కూడా ఉన్నాయి. చెట్టు మన గేటు లోపల ఉన్నంత మాత్రాన గొడ్డలి మన ఇష్టం కాదు.

అలిపిరిలో రోజూ చూస్తుంటాను. కొత్త బండికి పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, హారతిచ్చి కొండెక్కుతారు. అంత భక్తిగా చూసుకున్న బండిని నెల తిరక్కుండా పీచుతో గీరుతారు. పూజ చేసింది ఇనుముకి కాదు కదా, జాగ్రత్తగా చూసుకుంటామని మనం పెట్టుకున్న మొక్కు అది.

మనల్నీ ఒక మాట అననివ్వండి. కారంటే మగవాళ్ల వ్యవహారమని మనమే తప్పుకుంటాం. పీచు అడిగితే ఎందుకని అడగం. ఆ రోజు నేనూ ఆలస్యంగానే నోరు తెరిచాను. సాయంత్రం కారులో ఉన్న పుస్తకం తీశాను. మూడేళ్లయినా దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. పురుగులు, తారు, చెట్టు బంక వెంటనే, మెత్తగా తీయాలని అందులోనే రాసుంది. చదివి వినిపించాను. తర్వాత నేనే ఎడమవైపు తలుపుల తారు కొబ్బరినూనెతో తీసి చూపించాను. ఒక్క గీత పడలేదు.

మా ఆయన చాలాసేపు చూసి, "సరేలే, కాయలు దిగాక చూద్దాం" అన్నారు. శిక్ష రద్దు కాలేదు, వాయిదా పడింది అంతే. కాయలు దిగేలోపు బానెట్ గీతలకి పాలిష్ పట్టిస్తాను, వాదన కూడా సిద్ధం చేసుకుంటాను. పచ్చ పీచు మాత్రం ఇప్పుడు బియ్యం డబ్బా వెనకాల దాచాను.